తాళంచెవి ఎవరి చేతిలో? చెన్నైలో మేధో వైకల్యం ఉన్నవారికి సొంత ఇల్లు

"మా తర్వాత వీడెక్కడ ఉంటాడు?" అన్న ప్రశ్నకు మన ఇళ్లలో రెండే జవాబులు వినిపిస్తాయి. ఏదైనా హోమ్‌లో చేర్చడం, లేదా అన్నదమ్ముల ఇంట్లో ఓ గది. రెండింటిలోనూ ఒకే మెలిక ఉంది. అన్నం పెట్టే చెయ్యీ, తలదాచుకునే కప్పూ ఒకరివే. ఆ ఒకరితో పొసగకపోతే రెండూ ఒకేరోజు పోతాయి. హోమ్ మూతపడితే పడక పోతుంది, వదినకు బదిలీ అయితే గది పోతుంది. సొంత ఇల్లు ఈ ముడిని విప్పుతుంది. సాయం చేసే మనిషి మారవచ్చు, ఇల్లు మారదు. కాబట్టి ఏ దస్తావేజు రాయించినా, ఏ ఫ్లాట్ కొన్నా ఒక్కటే పరీక్ష పెట్టాలి: చూసుకునేవాళ్లు రేపు వెళ్లిపోతే ఇతను అదే ఇంట్లో ఉంటాడా?

ఇక్కడ చెప్పేది మేధో వైకల్యం గురించి. మనవాళ్లు ఇంకా బుద్ధిమాంద్యం అనే అంటారు. మానసిక అనారోగ్యం వేరు, దాని చట్టం వేరు. సర్టిఫికెట్ మీద 50 అనో 75 అనో ఉండే శాతం రాయితీల కోసం. ఆ మనిషి తలుపు తాళం వేసుకోగలడా, అపరిచితుణ్ణి లోపలికి రానిస్తాడా అన్నది అందులో ఉండదు. 75 శాతం సర్టిఫికెట్ ఉన్నవారు పెరంబూరు నుంచి బస్సెక్కి పనికి వెళ్లి రావచ్చు. 50 శాతం ఉన్నవారికి గ్యాస్ కట్టేయడం గుర్తుండకపోవచ్చు.

ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. "వీడి పేర ఇల్లు చెల్లదు" అనే మాట డాక్యుమెంట్ రైటర్ల దగ్గర కూడా వినిపిస్తుంది. అది తప్పు. పుట్టుకతో బుద్ధిమాంద్యం ఉన్నవారిని వారసత్వం నుంచి తప్పించే పాత నియమం హిందూ వారసత్వ చట్టంతో, 1956లో పోయింది. ఆ చట్టం 28వ సెక్షన్ ప్రకారం వ్యాధి గానీ లోపం గానీ వారసత్వానికి అడ్డుకాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఆస్తి కలిగి ఉండే హక్కు, వారసత్వంగా పొందే హక్కు, బ్యాంకు రుణం పొందే హక్కు అందరితో సమానంగా ఉండాలంటుంది.

గందరగోళం ఎక్కడంటే, ఆస్తి ఉండడం వేరు, ఆస్తితో లావాదేవీ చేయడం వేరు. మొదటిదానికి ఏ అర్హతా అక్కర్లేదు, నెలల పసిబిడ్డకూ ఆస్తి ఉండొచ్చు. రెండోదానికి 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం అడ్డొస్తుంది. తను చేస్తున్నదేమిటో, దానివల్ల తనకు మేలా కీడా అన్నది అర్థం చేసుకోగలిగినవారే ఒప్పందం చేయాలి. అందుకే ఇల్లు అతని పేరు మీదికి రావడం సులువు. వచ్చాక అద్దెకివ్వడం, తాకట్టు పెట్టడం, అమ్మడం దగ్గరే బండి ఆగుతుంది. ఆ సంతకాలు ఎవరు, ఏ అధికారంతో పెడతారన్నది ఇల్లు రాసివ్వకముందే తేలాలి.

నాలుగు దారులు, వాటిలో గుంతలు

చెన్నైలో ఎక్కువమంది ఎంచుకునేది సెటిల్‌మెంట్ డీడ్, అంటే బతికుండగానే కుటుంబంలోవారికి ఆస్తి రాసిచ్చే దస్తావేజు. తల్లిదండ్రులు బిడ్డకు రాస్తే స్టాంపు ఖర్చు విలువ మీద 1 శాతం, అదీ ఒక గరిష్ఠ పరిమితికి లోబడి. బయట కొంటే స్టాంపు 7 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం. తేడా లక్షల్లో ఉంటుంది. పుచ్చుకునేవారి తరఫున మరొకరు స్వీకరించే వీలు ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. తల్లిదండ్రులు తమకు జీవితకాల అనుభవ హక్కు ఉంచుకుని రాయించుకుంటే బతికున్నన్నాళ్లూ భయం ఉండదు.

గుంత ఏమిటంటే, చాలామంది చివర్లో "ఈ ఆస్తిని ఇతను ఎన్నడూ అమ్మరాదు" అని ఒక వాక్యం చేర్పిస్తారు. రాసిన తండ్రికి నిద్ర పడుతుంది కానీ ఆ వాక్యానికి విలువ లేదు. సంపూర్ణ హక్కు ఇచ్చి, అమ్మకాన్ని పూర్తిగా నిషేధించే షరతు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం చెల్లదు. రేపు ఎవరో బిర్యానీ పెట్టించి సంతకం పెట్టించుకుంటే, ఆ వాక్యం చూపించి గెలవలేరు. అర్థం తెలియకుండా పెట్టిన సంతకమని కోర్టులో నిరూపించుకోవాలి.

రెండో దారి బిడ్డకు జీవితకాల హక్కు మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత ఫలానావారికి అని రాయడం. అమ్మే వీలుండదు కాబట్టి మోసానికి చోటు తక్కువ. కానీ "ఆ తర్వాత" ఎవరన్నదే చిక్కు. బిడ్డ తర్వాత దక్కే మిగులు హక్కు అన్న కొడుకులకు రాసి, చూసుకునే పని కూడా అన్నకే అప్పగిస్తే, తమ్ముడు ఎంత త్వరగా కన్నుమూస్తే ఆ ఇంటికి అంత లాభం. మనుషులు చెడ్డవాళ్లని కాదు, కాగితం వాళ్లను ఆ స్థానంలో నిలబెట్టింది. మిగులు హక్కు ఒకరికీ, చూసుకునే బాధ్యత మరొకరికీ ఉండాలి. కూతురి విషయంలో ఇంకో మెలిక ఉంది. భరణం హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని వి. తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. పెళ్లికాని, సంపాదన లేని కూతురికి తండ్రి ఆస్తి నుంచి పోషణ పొందే హక్కు ఉంది. కాబట్టి ఆమెకు రాసిన జీవితకాల హక్కు ఏదో ఒకరోజు పూర్తి హక్కుగా తేలవచ్చు. అది ఆమెకు మేలే. అయితే ఆ సంగతి తెలిసి రాయడం వేరు, తెలియక రాయడం వేరు.

మూడోది వీలునామా. ఖర్చు తక్కువ, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ అది పనిచేయడం మొదలయ్యేది రాసినవారు పోయాక. అంటే బిడ్డకు అండ అన్నిటికన్నా తక్కువగా ఉన్న వారాల్లో. పెద్దకర్మ కాకముందే బీరువా తాళాలు చేతులు మారడం మనకు తెలియనిది కాదు. పైగా మద్రాసు హైకోర్టు పరిధిలో వీలునామాకు ప్రొబేట్, అంటే అది నిజమైనదేనని కోర్టు ధ్రువీకరణ తీసుకోవడం దశాబ్దాలుగా పాతుకుపోయిన ఆనవాయితీ. ఒక్క తోబుట్టువు అభ్యంతరం చెబితే ఏళ్లు పడుతుంది. ఇల్లు ఒక్కటే ఆస్తి అయితే వీలునామా మీద మాత్రమే ఆధారపడకూడదు.

నాలుగోది ప్రైవేటు ట్రస్టు. ఇల్లు ట్రస్టీల పేర, ఫలం బిడ్డకు. అతని సంతకం ఎవరూ తీసుకోలేరు, పన్నులూ మరమ్మతులూ ట్రస్టీలు చూస్తారు. ముగ్గురు ట్రస్టీలు సరైన సంఖ్య: తోబుట్టువుల్లో ఒకరు, రక్తసంబంధం లేనివారు ఒకరు, లెక్కలు తెలిసినవారు ఒకరు. ముగ్గురిలో ఇద్దరైనా చెన్నైలో ఉండాలి. అమెరికాలో ఉన్న అన్న డబ్బు పంపగలడు కానీ ప్లంబర్‌కు తలుపు తీయలేడు. ట్రస్టీ చనిపోతే కొత్తవారిని ఎవరు నియమించాలో, ఏ కారణాలతో తొలగించాలో దస్తావేజులోనే ఉండాలి. "ఈ ఇంట్లో నివసించే హక్కు ఇతనికి జీవితాంతం ఉంటుంది, ఇతని ఇష్టం కనుక్కోకుండా వేరేచోటికి మార్చకూడదు" అన్న వాక్యం తప్పనిసరి. అది లేకపోతే ట్రస్టీలు ఇల్లు అద్దెకిచ్చి, ఆ అద్దెతో ఇతన్ని హోమ్‌లో చేర్చినా కాగితం ప్రకారం తప్పుండదు.

ట్రస్టులో పన్ను గుంత ఒకటుంది. లబ్ధిదారు ఇతనొక్కడే, వాటా మొత్తం ఇతనిదే అని స్పష్టంగా రాస్తే పన్ను మామూలు వ్యక్తికి పడినట్టే పడుతుంది. "కుటుంబంలో ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీల ఇష్టం" అని రాస్తే సాధారణంగా గరిష్ఠ రేటు పడుతుంది. ఇల్లు ట్రస్టుకు రాసేటప్పుడు కుటుంబ సెటిల్‌మెంట్ రాయితీ దొరుకుతుందని అనుకోకూడదు. ముసాయిదా తీసుకెళ్లి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు లెక్క ముందే కట్టించుకోవాలి. ఎక్కువైతే, ట్రస్టును చిన్న నగదుతో ఇప్పుడే మొదలుపెట్టి, ఇంటిని వీలునామాతో దానికి చేర్చేవారున్నారు. వీలునామా బలహీనత మళ్లీ వచ్చి చేరుతుంది కానీ ట్రస్టీలు అప్పటికే పనిలో ఉంటారు కాబట్టి దెబ్బ కాస్త తగ్గుతుంది.

ఏది మేలు? తన పేర ఇల్లుందని అతనికి అర్థమై, అది అతనికి ముఖ్యమైతే, కొంచెం ప్రమాదం ఉన్నా సెటిల్‌మెంట్ వైపే మొగ్గాలి. ఆస్తి హక్కు అంటే భద్రత ఒక్కటే కాదు, గుమ్మం మీద తన పేరు కూడా. సంతకం అంటే ఏమిటో తెలియని స్థితిలో ట్రస్టే సరి. మధ్యస్థంగా ఇంకో ఏర్పాటుంది. పదింట తొమ్మిది వంతులు బిడ్డ పేర, ఒక వంతు ట్రస్టు పేర. ట్రస్టు సంతకం లేకుండా మొత్తం ఇల్లు అమ్ముడుపోదు, ఆ ఒక్క వంతు బ్రేకులా పనిచేస్తుంది. అయితే ఆ వంతు అక్క పేర పెడితే, ఆమె తర్వాత పిల్లలు పంపకం దావా వేయవచ్చు. ట్రస్టు పేర పెట్టడమే క్షేమం.

పవర్ ఆఫ్ అటార్నీతో సరిపెట్టుకునేవారికి ఒక మాట. తండ్రి ఇచ్చిన పవర్ తండ్రితోనే పోతుంది. లావాదేవీ అర్థం కాని బిడ్డ ఇచ్చిన పవర్ మొదటి నుంచే చెల్లదు. ఇక ఇంటి రుణం తీరకముందే బిడ్డ పేరు జాయింటుగా చేర్చాలనుకుంటే, యజమానులంతా రుణగ్రహీతలుగా కూడా సంతకం పెట్టాలని బ్యాంకులు మామూలుగా పట్టుబడతాయి. అప్పు తీర్చి, అసలు పత్రాలు వెనక్కి తీసుకుని, అప్పుడు రాయించడం తేలిక. ఇంగ్లండ్‌లో దీర్ఘకాలిక వైకల్యం ఉన్నవారు ఇంట్లో 10 నుంచి 75 శాతం దాకా వాటా కొని, మిగతాదానికి అద్దె కట్టే పథకం నడుస్తోంది. మన దగ్గర అలాంటిది లేదు. అందుకే ఇక్కడ సొంత ఇల్లంటే దాదాపు ఎప్పుడూ అమ్మానాన్నలు రాసిచ్చిన ఇల్లే.

రిజిస్ట్రేషన్ రోజు

చెన్నై తెలుగు కుటుంబాలకు ఇక్కడ ప్రత్యేకంగా ఎదురయ్యే తలనొప్పి పేరు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. ఆంధ్రలో ఇంటిపేరు. వెంకట్రావు కొడుకు రమేష్, స్కూలు రికార్డులో వి. రమేష్, ఊళ్లో పొలం కాగితాల్లో పోలిశెట్టి రమేష్, దివ్యాంగుల కార్డులో ఉత్త రమేష్. మూడు పేర్లతో పట్టా మార్పు దగ్గర ఫైలు ఆగుతుంది. ముందు ఆధార్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), బ్యాంకు ఖాతా మూడింట్లో ఒకే పేరు చేయించి, ఆ తర్వాతే దస్తావేజు రాయించాలి. పాత పేర్లన్నీ "అనబడే" అని దస్తావేజులోనే చేర్చాలి.

రెండోది భాష. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, దస్తావేజు తమిళంలోనో ఇంగ్లీషులోనో. రాసిచ్చేవారు మతిస్థిమితం లేనివారిగా కనిపిస్తే రిజిస్ట్రేషన్ నిరాకరించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ చెబుతుంది. అది రాసిచ్చేవారికే గానీ పుచ్చుకునేవారికి కాదు. అయినా బిడ్డ సంతకం ఉన్నప్పుడు అధికారి నాలుగు ప్రశ్నలు వేస్తాడు, తమిళంలో వేస్తాడు. తెలుగులో చక్కగా జవాబు చెప్పే మనిషి అక్కడ బిక్కమొహం వేస్తే కథ అడ్డం తిరుగుతుంది. కాబట్టి రెండు వారాల ముందు నుంచే బొమ్మలతో, చిన్న వాక్యాలతో చెప్పాలి: ఈ ఇల్లు నాన్నది. ఇప్పుడు నాకు ఇస్తున్నాడు. నాన్న కూడా ఇక్కడే ఉంటాడు. ఇవే మూడు మాటలు తమిళంలోనూ అలవాటు చేయాలి. ఒకసారి ఊరికే ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. ఫొటో, వేలిముద్ర యంత్రం కొత్తగా కనిపిస్తే చెయ్యి వెనక్కి లాగేసుకునేవారున్నారు. క్లినికల్ సైకాలజిస్టు నుంచి "ఈ ఒక్క లావాదేవీ ఇతనికి అర్థమైంది" అనే లేఖ ఉంటే మంచిది. తెలివితేటల స్కోరు రాసిన పాత రిపోర్టు ఇక్కడ మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

18 నిండాక తల్లిదండ్రులు చట్టప్రకారం సంరక్షకులు కారన్న సంగతి చాలామందికి బ్యాంకు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే ఇది. ఆ సర్టిఫికెట్‌ను ఖాతాలు తెరవడానికి అంగీకరించవచ్చని రిజర్వ్ బ్యాంకు ఏనాడో చెప్పింది. నియామకమైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు కమిటీకి ఇవ్వాలి. ఇవ్వనివారే ఎక్కువ. తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే చేతిలో కాగితం ఉండదు. సంరక్షకుడు చనిపోతే ఆ హోదా మరొకరికి దానంతటది రాదు, మళ్లీ దరఖాస్తు చేయాలి. ఇల్లు అమ్మే పరిస్థితే వస్తే కమిటీ సర్టిఫికెట్‌తో ముందుకెళ్లకుండా కోర్టు అనుమతి తీసుకోవడం మంచిది. లేకపోతే కొనేవారి లాయరే ఒప్పుకోడు. ఇంకోమాట, అన్నీ స్వయంగా చేసుకోగల మనిషికి సంరక్షకుణ్ణి తగిలించడం అనవసరం. 2016 చట్టంలో పరిమిత సంరక్షణ ఉంది. అందులో నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకుంటారు. అదే చట్టం, సాయం చేసేవారికీ సాయం పొందేవారికీ ఆస్తి విషయంలో ప్రయోజనాలు ఢీకొంటే సాయం చేసేవారు తప్పుకోవాలంటుంది.

ఏ ఇల్లు?

పుట్టి పెరిగిన ఫ్లాటే చాలాసార్లు సరైన జవాబు. కిరాణా కొట్టువాడికి తెలుసు, వాచ్‌మన్‌కు తెలుసు, బస్‌స్టాపు తెలుసు. తల్లి పోయిన వారంలోనే ఇల్లూ వీధీ కూడా పోతే ఆ మనిషి మూడు దుఃఖాలు ఒకేసారి మోయాలి. విడి ఇల్లు మాత్రం వద్దు. మరమ్మతు చేయించే అసోసియేషన్ ఉండదు, గోడ పక్కవాడు ఒక అడుగు జరిపినా అడిగేవారుండరు.

కొత్తగా కొంటే రెండు చెన్నై సంగతులు చూడాలి. ఒకటి నీళ్లు. 2015, 2023 డిసెంబర్లలో వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచూర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లకు ఏమైందో అందరికీ తెలుసు. మెట్లు ఎక్కగలిగినవారికి మొదటి అంతస్తే మేలు. రెండోది యూడీఎస్, అంటే భూమిలో అవిభాజ్య వాటా. దస్తావేజులో నిజంగా చేతికొచ్చేది అదే. ముప్పై నలభై ఏళ్ల ఫ్లాట్లను కూల్చి కొత్తగా కట్టడం ఈ ఊళ్లో నిత్యకృత్యం. 2022 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం మూడింట రెండొంతుల యజమానులు ఒప్పుకుంటే చాలంటుంది. ఇతని ఫ్లాట్ కూలితే ఒప్పందం మీద సంతకం ఎవరిది? కట్టే రెండు మూడేళ్లు ఎక్కడ ఉంటాడు? అద్దె డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ట్రస్టు దస్తావేజులో వీటికి ఒక పేరా కేటాయించాలి. సంపూర్ణ హక్కు ఉన్నచోట కోర్టు అనుమతికి పట్టే సమయం లెక్కలో పెట్టుకోవాలి.

డబ్బు దగ్గరే చాలా ఏర్పాట్లు కూలుతాయి. 600 చదరపు అడుగుల ఫ్లాట్‌కు ఒక నమూనా లెక్క చూద్దాం. మెయింటెనెన్స్ 2,500, కరెంటు సగటున 600, ఇంటి పన్నూ నీటి పన్నూ నెలకు పంచితే 500, మరమ్మతుల కోసం పక్కన పెట్టేది 2,000, ఫోను 500. తిండి, మందులు 10,000. రోజూ కొన్ని గంటలు వచ్చే సహాయకురాలికి 12,000. మొత్తం 28,100, ఏడాదికి 3,37,200. 7 శాతం వడ్డీతో ఇది రావాలంటే 48 లక్షలు కావాలి. ధరలు కూడా అదే వేగంతో పెరిగితే, పక్కా లెక్కలో ఆ 48 లక్షలు 14 ఏళ్లు వస్తాయంతే. కాబట్టి చేతిలో 90 లక్షలుంటే 90 లక్షల ఫ్లాట్ కొనడం తప్పు. 40 పెట్టి చిన్నది కొని, 50 నిధిగా ఉంచాలి. పెద్ద ఇల్లు చూసి బంధువులు మెచ్చుకుంటారు, కరెంటు బిల్లు కట్టరు.

రైల్వే, ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం), ఇతర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు ఒక ఊరట ఉంది. సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి కుటుంబ పింఛను జీవితాంతం వస్తుంది. తల్లిదండ్రులు ఉండగానే పింఛను ఉత్తర్వులో బిడ్డ పేరు ఎక్కించాలి. అయితే దీనికి ఆదాయ పరిమితి ఉంది. రెండో ఇల్లు కూడా అతని పేర రాసి అద్దె వచ్చేలా చేస్తే, ఆ అద్దే పింఛనుకు ఎసరు పెట్టొచ్చు.

ఇంట్లో మార్పులు పెద్దగా అక్కర్లేదు. బాత్రూమ్‌కు బయట నుంచి కూడా తెరుచుకునే గొళ్లెం, మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే దానంతటదే కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్, గీజర్ వేడి తగ్గించి పెట్టడం, గ్యాస్ బదులు దానంతటదే ఆగే ఇండక్షన్ స్టౌ. ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ తప్పదు. మోటారు కట్టేయడం మర్చిపోయి సంపు ఖాళీ చేస్తే పొరుగువాళ్ల ఓపిక అక్కడే అయిపోతుంది. కరెంటు బిల్లు రెండు నెలలకోసారి, ఇంటి పన్ను ఆరు నెలలకోసారి కాబట్టి గుర్తుపెట్టుకోవడం కష్టం. ఖాతా నుంచి నేరుగా కట్టేలా పెట్టాలి.

మకాం మార్చడం తల్లిదండ్రులు బతికుండగా, బిడ్డకు పాతిక ముప్పై ఏళ్లప్పుడే మొదలవ్వాలి. దగ్గర్లో అద్దె ఇల్లు తీసుకుని మొదట శని ఆదివారాలు, తర్వాత వారంలో నాలుగు రోజులు. ఏడాది చూశాక కొనాలి. రెండో గదిలో ఇలాంటివారే మరొకరుంటే సహాయకురాలి జీతం సగమవుతుంది. అయితే ఇల్లు ఉన్నవాడి తల్లి ఆ రెండోవారి వంటా నిద్రా శాసించడం మొదలుపెడితే ఏర్పాటు ఏడాది నిలవదు. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండి, 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం ప్రకారం నమోదు కావాలి.

సాయానికని ఏదైనా కుటుంబాన్ని ఇంట్లో ఉంచితే, వారికి ఇంటి మీద ఏ హక్కూ లేదని, పని మానేసిన 30 రోజుల్లో ఖాళీ చేయాలని చేరేరోజే రాయించుకోవాలి. అన్న కుటుంబమైనా అంతే. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. ఆరు నెలలకోసారి రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా తీసి చూడాలి. ఇతనికి తెలియకుండా ఏ తాకట్టో పవరో నమోదైతే అందులో కనబడుతుంది. ఆ పని ట్రస్టీల్లో ఒకరి పేర, ఫలానా నెలల్లో అని దస్తావేజుకు జత చేసే కాగితంలో రాయాలి.

తాళంచెవులు నాలుగు చేయించాలి. ఒకటి అతని మొలతాడుకో బ్యాగుకో, రెండోది ఎదురింట్లో, మూడోది ట్రస్టీ దగ్గర. నాలుగోది సహాయకురాలికి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని. ఆమె పని మానేసిన రోజు ఆ తాళం మార్పించాలి. మర్నాడు పొద్దున కొత్త తాళంచెవితో తలుపు తీయాల్సింది అతనే కాబట్టి, అంతకుముందు సాయంత్రం పది పన్నెండు సార్లు తీయించి వేయించి చూడాలి.